అరటి టిష్యూకల్చర్‌లో ఏది మేలు: బీఏపీయా, కైనెటినా, టీడీజెడ్డా?

టిష్యూకల్చర్ అంటే మొక్క చిన్న ముక్కను సీసాలో పెంచి చాలా మొక్కలు చేయడం. దానికి ల్యాబ్ కొత్తగా పెట్టుకునేవాళ్లు ముందు అడిగేది ఇదే, పిలకలు ఎక్కువ రావాలంటే ఏ హార్మోన్ వేయాలి అని. గ్రాండ్ నైన్ అరటి, అదే మన రైతులు జీ9 అంటారే, దాని మీదే నా చెయ్యి బాగా తిరిగింది కాబట్టి ఆ లెక్కలోనే చెప్తాను.

బీఏపీ, కైనెటిన్, టీడీజెడ్ మూడూ సైటోకైనిన్లే, అంటే కణాలు విభజన చెంది మొగ్గలు వేసేలా చేసే హార్మోన్లు. మీడియంలో, అంటే సీసాలో మొక్కకు పోషకాలిచ్చే మిశ్రమంలో, సైటోకైనిన్ వాటా ఎక్కువైతే మొగ్గలు, ఆక్సిన్ అనే మరో రకం హార్మోన్ వాటా ఎక్కువైతే వేర్లు వస్తాయని స్కూగ్, మిల్లర్ అనే శాస్త్రవేత్తలు 1957లోనే పొగాకు మీద చూపించారు, మనం ఇవాళ చేసేదంతా ఆ దారిలోనే.

కైనెటిన్‌తో ఆకులు చక్కగా వస్తాయి గానీ అరటిలో పిలకల సంఖ్య అంతగా పెరగదు. అమ్మకానికి పెంచేవాళ్లకు అది చాలదు.

అసలు పోటీ మిగతా రెండింటికే. టీడీజెడ్ పత్తిలో ఆకు రాల్చడానికి వాడే మందు, బీఏపీ లీటరుకు 3 నుంచి 5 మిల్లీగ్రాములు పడే చోట ఇది మిల్లీగ్రాములో పదో వంతుకే పని మొదలుపెడుతుంది. నేనూ ఆశపడి వేశాను. నాలుగు వారాలకు సీసా అడుగున కాలీఫ్లవర్ పువ్వులా మొగ్గల గుత్తి, లెక్కపెట్టలేనన్ని, చూసి సంబరపడిపోయాం. తర్వాత మొదలైంది టెన్షన్. ఆ మొగ్గలు పొడుగు సాగవు, ఆకులు నీరు పట్టి గాజులా మెరుస్తాయి, బ్లేడు పెడితే మెత్తగా జారిపోతాయి. టీడీజెడ్‌ను మొక్క తొందరగా అరిగించుకోలేదు, హార్మోన్ లేని మీడియంలోకి మార్చినా లోపల దాని ప్రభావం పోదు. రెండు సబ్‌కల్చర్లు, అంటే విడదీసి కొత్త మీడియంలోకి మార్చడాలు, చేసినా కొన్నే నిలబడ్డాయి, ఈలోపు కరెంటు, కూలి, ర్యాకుల్లో చోటు అన్నీ ఖర్చయిపోయాయి. బీఏపీకి లొంగని చెట్టు జాతులకు కొద్దిరోజులు చూపించి తీసేయడానికైతే అది మంచిదే, అరటికి మాత్రం అవసరం లేదు.

అందుకే నా ఓటు బీఏపీకే. 100 మిల్లీగ్రాములు తూచి, కొన్ని చుక్కల సోడియం హైడ్రాక్సైడ్‌లో తేటపడేదాకా కరిగించి, నీళ్లతో 100 మిల్లీలీటర్లు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఒక మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము, కాబట్టి లీటరు మీడియంకు 4 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది. ఇంకా రావాలని డోసు పెంచకండి, ఒకే పిలక నుంచి ఏడెనిమిది సబ్‌కల్చర్లు దాటించకండి. దాటితే పొట్టి మొక్కలు, తేడా మొక్కలు ఎక్కువవుతాయి. డ్రిప్పు వేసి, ఎరువులు పోసి నెలల తరబడి సాకిన రైతుకు గెల సరిగా రాకపోతే ఆ నష్టం మనం కట్టివ్వలేం.

వేర్లకు ఐబీఏ, ఎన్ఏఏ అనే రెండు ఆక్సిన్లలో నేను లీటరుకు ఐబీఏ ఒక మిల్లీగ్రామే వేస్తాను. ఎన్ఏఏ కాస్త ఎక్కువైతే వేర్లు పొట్టిగా, లావుగా వచ్చి మొక్క మొదలు దగ్గర కాలస్, అంటే ఆకారం లేని కణాల ముద్ద, గడ్డ కడుతుంది. నిజానికి బీఏపీ తీసేస్తే అరటి తనంతట తానే వేరు దింపుతుంది. లీటరుకు గ్రాము యాక్టివేటెడ్ బొగ్గుపొడి కలిపితే మిగిలిన బీఏపీని పీల్చేస్తుంది, అయితే అది ఐబీఏను కూడా కొంత లాగేస్తుంది, కాబట్టి ముందు పది సీసాల్లో వేసి వేర్లు ఎలా దిగుతున్నాయో చూసుకున్నాకే మొత్తం బ్యాచ్‌కు వెళ్లండి.