8 అడుగుల ఫోమ్ సర్ఫ్‌బోర్డు: మూడేళ్ల వాడకం తర్వాత

రుషికొండ ఉప్పునీళ్లలో, ఎండలో మూడేళ్లు నలిగిన బోర్డు ఇది. 8 అడుగుల పొడవు, 22.5 అంగుళాల వెడల్పు, 3.25 అంగుళాల మందం, 86 లీటర్ల ఘనపరిమాణం. లోపల థర్మాకోల్, అందులో పొడవునా చెక్క బద్దలు, పైన మెత్తటి ఫోమ్ పొర, అడుగున నున్నటి ప్లాస్టిక్ షీటు, వెనక అడుగున బోర్డుని తిన్నగా నడిపే మూడు ప్లాస్టిక్ ఫిన్లు (చిన్న రెక్కలు). మొదటి బోర్డుగా దీన్ని గట్టిగా సిఫార్సు చేస్తాను. కాకపోతే దీన్ని పాడుచేసేది కెరటాలు కావని ముందే తెలుసుకుని కొనాలి.

కొనేటప్పుడు అందరూ పొడవు అడుగుతారు. అసలు అడగాల్సింది లీటర్లు. మీ బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్లు, ఆ పైన ఇంకో పది పదిహేను ఉండాలి. 70 కిలోల మనిషికి 80, 85 లీటర్లు సరిపోతాయి. చూడ్డానికి బాగుందని కొనే ఆరడుగుల షార్ట్‌బోర్డు చాలావరకు 30 లీటర్ల లోపే ఉంటుంది. కొత్తవాళ్లు దానిమీద పడుకుంటే బోర్డు నీళ్లలోకి దిగిపోతుంది, చేతులతో ఎంత తెడ్డేసినా వేగం అందుకోదు, కెరటం కిందనుంచి జారిపోతుంది. నెలల తరబడి లేచి నిలబడే అవకాశమే రాక చాలామంది అక్కడే మానేస్తారు. అది వాళ్ల తప్పు కాదు, బోర్డు తప్పు.

నడుము లోతు నీళ్లలో, కెరటం విరిగాక వచ్చే తెల్ల నురుగు మీద ఈ బోర్డుకి తిరుగులేదు. పడుకున్నప్పుడు ముక్కు నీటికి రెండు మూడు అంగుళాలు పైన ఉండాలి. బాగా ముందుకి జరిగితే ముక్కు మునిగి బోల్తా పడతారు. వెనక్కి జరిగితే తోక దిగబడి, కెరటం మిమ్మల్ని దాటి వెళ్లిపోతుంది. సరైన చోటు దొరికాక, గడ్డం కిందికి వచ్చేచోట డెక్ (బోర్డు పైభాగం) మీద చిన్న గుర్తు పెట్టుకోండి. కెరటాలు ఒడ్డు దగ్గరే నిటారుగా విరిగే రోజుల్లో మాత్రం దీని బల్లపరుపు ముక్కు ఇబ్బంది పెడుతుంది. కెరటానికి తిన్నగా కాకుండా కాస్త ఏటవాలుగా దిగితే కొంత నయం. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనలో అలల ఎత్తు మీటరు దాటిన రోజు కొత్తవాళ్లు దీంతో దిగకపోవడమే మంచిది.

ఇక మన్నిక. మొదటి శత్రువు వేడి. ఎండలో అద్దాలు మూసిన కారులో ఉంచితే లోపలి గాలి వ్యాకోచించి, అడుగు షీటు థర్మాకోల్ నుంచి ఊడి బుడగలా లేస్తుంది. ఆ బుడగని సూదితో గుచ్చకండి, ఆ రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పోతాయి. ఇసుకమీద పెట్టినా నీడలోనే పెట్టాలి.

రెండోది ఫిన్ బోల్టులు. ఈ రకం బోర్డుల్లో బోల్టు డెక్ పైనుంచి దూరి ఫిన్‌ని బిగిస్తుంది. వాడేకొద్దీ అది వదులై, రంధ్రం చుట్టూ సందు ఏర్పడి, థర్మాకోల్ గింజల మధ్యకి నీళ్లు చేరతాయి. బోర్డు మునుపటికంటే బరువనిపించడం మొదటి లక్షణం. నాలుగైదు సార్లు వాడాక ఒకసారి బోల్టులు చేత్తో బిగించి చూసుకోండి. మరీ బిగిస్తే ఫోమ్ నొక్కుకుపోతుంది. నీళ్లు చేరితే ఫిన్లు విప్పి, తోక కిందికి ఉండేలా నీడలో నిలబెట్టి, పూర్తిగా ఆరాకే రంధ్రం అంచులు సిలికాన్‌తో మూయాలి. థర్మాకోల్ బయటపడేంత పెద్ద చిరుగైతే ఎపాక్సీ రెజిన్ వాడాలి. పాలియెస్టర్ రెజిన్ పోస్తే థర్మాకోల్ కరిగిపోతుంది.

ఫోమ్ డెక్‌కి పట్టు కోసం రుద్దే వ్యాక్స్ (మైనం) అక్కర్లేదని అమ్మేవాళ్లు చెబుతారు. ఏడాది తిరిగేసరికి ఛాతీ ఆనేచోట, వెనక పాదం పెట్టేచోట గరుకు అరిగి జారుతుంది. అక్కడ వ్యాక్స్ రుద్దాలి. మన నీళ్లు వెచ్చన కాబట్టి ట్రాపికల్ అని రాసి ఉన్నదే కొనండి, చల్లటి నీళ్ల రకం జిగటగా కరిగిపోతుంది. ఒళ్లు ఒరుసుకోకుండా నిండు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) తప్పనిసరి.

లీష్, అంటే బోర్డుని కాలికి కట్టే తాడు, బోర్డంత పొడవు, అంటే 8 అడుగులు ఉండాలి. బోర్డుతో వచ్చేది సాధారణంగా నాసిరకం, వెంటనే మార్చేయండి. లీష్‌ని బోర్డుకి కట్టే చిన్న తాడు తోక అంచు దాటి వేలాడితే, లాగిన ప్రతిసారీ ఫోమ్‌ని కోసేస్తుంది. అంచుకి ముందే ముగిసేలా పొట్టిగా కట్టండి. కెరటం వచ్చేటప్పుడు బోర్డుని మీకూ కెరటానికీ మధ్య పెట్టుకోవద్దు, పక్కన పట్టుకోండి. ఫోమ్ మెత్తగా ఉన్నా ఆ వేగంతో మొహానికి తగిలితే పళ్లు కదులుతాయి.

మలుపులు తిప్పడం దీంతో కష్టమే. మెత్తటి ఫిన్లు వంగిపోతాయి. అయినా జనం మధ్య నేర్చుకునేటప్పుడు గట్టి ఫిన్లు వేయకండి, పక్కవాళ్ల కాళ్లు కోస్తాయి.

సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే అడుగు షీటంతా అరచేత్తో నొక్కుతూ బుడగల కోసం వెతకండి. తర్వాత తోక కిందికి పెట్టి పది నిమిషాలు నిలబెట్టండి. ఫిన్ రంధ్రాల్లోంచి ఒక్క చుక్క కారినా ఆ బోర్డు వద్దు.