సముద్రం దాటే యాట్‌కు క్రూ వెతికిపెట్టే సైట్లు: ఏది ఎవరికి పనికొస్తుంది, ఖర్చు ఎలా పంచుకోవాలి

యాట్ (విహారానికి వాడే తెరచాప పడవ) ఓనర్‌కు అట్లాంటిక్ దాటడానికి మనుషులు, అంటే క్రూ కావాలి. సముద్రం మీద మైళ్లు కూడబెట్టుకునేవాళ్లకు పడవ కావాలి. ఈ ఇద్దరినీ కలిపే సర్వీసుల్లో తరచుగా వినిపించేవి నాలుగు: క్రూసీకర్స్, ఫైండ్ ఎ క్రూ, క్రూబే, ఓషన్ క్రూ లింక్. నాలుగూ చేసేది పరిచయం వరకే. పడవ గట్టిదా, స్కిప్పర్ (పడవ నడిపే పెద్ద) నోరు మంచిదా, వచ్చే మనిషికి రాత్రిపూట చుక్కాని పట్టడం వచ్చా అన్నది ఎవరూ చూసిపెట్టరు. అందుకని ప్రకటనల సంఖ్య చూసి మురిసిపోవద్దు. తేదీలు, అనుభవం, ఖర్చుల వాటా, ఈ మూడూ మొదటి మెసేజ్‌ల్లోనే తేలిపోయే చోటే మంచి చోటు.

క్రూసీకర్స్ బ్రిటన్ సర్వీసు. ఓనర్ ప్రకటన ఉచితం, క్రూగా వెళ్లేవాళ్లు సభ్యత్వం కట్టాలి. డబ్బు కట్టి వచ్చినవాళ్లు ఊరికే అడిగి చూసేవాళ్లకంటే మాట మీద నిలబడతారు, ఓనర్‌కు అదే లాభం. ఫైండ్ ఎ క్రూ ప్రపంచమంతా పరుచుకున్నది. ఉచితంగా చేరి వెతుక్కోవచ్చు గానీ, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఇచ్చిపుచ్చుకోవాలంటే ఇద్దరిలో ఒకరికైనా పెయిడ్ సభ్యత్వం ఉండాలి. పసిఫిక్ వైపు వెళ్లేవాళ్లు దీన్నే ముందు చూడాలి. క్రూబేలో చేరడం తేలిక. కాబట్టి వచ్చే మెసేజ్‌లూ ఎక్కువ, జల్లెడ పట్టే పని పూర్తిగా మీదే.

ఓషన్ క్రూ లింక్‌ను నడిపేది వరల్డ్ క్రూజింగ్ క్లబ్. యాట్‌లు గుంపుగా అట్లాంటిక్ దాటే, 1986లో మొదలైన అట్లాంటిక్ ర్యాలీ, అంటే ఏఆర్‌సీని నిర్వహించేదీ వాళ్లే. నవంబరులో కానరీ దీవుల్లో ఒకటైన గ్రాన్ కనారియాలోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్ దీవి సెయింట్ లూసియాకు వెళ్లే మార్గంలో మొదటిసారి క్రూగా చేరాలనుకునేవాళ్లకు మా ఓటు దీనికే. ర్యాలీలో చేరిన పడవ సేఫ్టీ సామాను తనిఖీకి నిలబడాలి, బయల్దేరే తేదీ ఊరంతటికీ తెలుసు. మామూలు ప్రకటనలో ఈ రెండూ దొరకవు. ర్యాలీ రుసుములో పడవకు ఇంత, మనిషికి ఇంత అని ఉంటుంది. మనిషి రుసుము ఎవరు కట్టాలో ముందే అడగండి, చాలా ప్రకటనల్లో ఆ మాటే ఉండదు.

ఇక డబ్బు. గొడవలన్నీ పుట్టేది ఇక్కడే. లాస్ పాల్మాస్ నుంచి సెయింట్ లూసియా సుమారు 2,700 నాటికల్ మైళ్లు. సగటున 5.5 నుంచి 6 నాట్ల (గంటకు అన్ని నాటికల్ మైళ్లు) వేగంతో రోజుకు 132 నుంచి 144 మైళ్లు సాగుతుంది, అంటే 19 నుంచి 21 రోజులు. వాటా వేసుకోవాల్సినవి ఈ రోజుల్లో నిజంగా ఖర్చయ్యేవే: తిండి, నీళ్లు, వంట గ్యాస్, కాలిన డీజిల్, దారిలో ఆగిన మెరీనా (యాట్‌లు ఆగే రేవు) రుసుము, చేరిన దేశంలో పడవకు పడే ప్రవేశ రుసుములు. కొత్త తెరచాప, రిగ్గింగ్ (తెరచాప స్తంభాన్ని నిలిపే తీగలు) మార్పు, పడవ ఇన్సూరెన్స్, అడుగున వేసే రంగు, లైఫ్ రాఫ్ట్ (పడవ మునిగితే ఎక్కే తెప్ప) సర్వీసింగ్ ఓనర్‌వి. క్రూ లేకపోయినా అవి పెట్టాల్సిన ఖర్చులే. శాటిలైట్ ఫోన్ నిమిషాల దగ్గర రెండు వాదనలూ నిలుస్తాయి. వాతావరణ సమాచారానికి వాడినవి ఉమ్మడిలో వేసి, ఇంటికి చేసిన కాల్స్ ఎవరివి వాళ్లు కట్టుకోవడం సబబు.

ఐదుగురు ఎక్కితే ఐదు వాటాలు, ఓనర్‌కూ ఒకటి. భార్యాభర్తలు ఓనర్లయితే వాళ్లవి రెండు. ఓనర్ తన వాటా తీసేసి మిగతా నలుగురి మీద వేస్తే దాన్ని ఖర్చు పంచుకోవడం అనరు.

చట్టం కూడా ఇదే గీత గీస్తుంది. బ్రిటన్ నిబంధనల్లో ఒక పడవ విహార పడవగా లెక్కలోకి రావాలంటే, ఎక్కినవాళ్ల దగ్గర ఆ ప్రయాణంలో అయిన ప్రత్యక్ష ఖర్చుల్లో వాటా తప్ప ఓనర్ ఇంకేమీ తీసుకోకూడదు. అమెరికా చట్టం అసలు ఖర్చులను స్వచ్ఛందంగా పంచుకోవడాన్ని ప్రతిఫలం కింద చూడదు. అంతకుమించి తీసుకుంటే వాళ్లు కిరాయి ప్రయాణికులు, నడిపేవాడికి లైసెన్సు ఉండాలి. అప్పుడు విహారానికి తీసుకున్న ఇన్సూరెన్స్ కూడా చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే ప్రకటనలో రోజుకు ఇంత అని గంపగుత్తగా రాసి ఉంటే, దాన్ని 21తో, ఆపైన క్రూ సంఖ్యతో గుణించండి. వచ్చిన మొత్తం తిండికీ డీజిల్‌కూ అయ్యేదానికి రెండు మూడింతలుంటే, అది పేరు మార్చుకున్న చార్టర్, అంటే కిరాయి ప్రయాణం. పక్కనే ‘అనుభవం అవసరం లేదు’ అని కూడా ఉంటే అనుమానమే అక్కర్లేదు.

లెక్క తేలిగ్గా ఉండాలంటే బయల్దేరే రోజు డీజిల్ ట్యాంకు, గ్యాస్ సిలిండర్లు ఓనర్ ఖర్చుతో నిండుగా ఉండాలి. చేరాక మళ్లీ నింపించిన బిల్లే ఉమ్మడి ఖర్చు. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగింది, బ్యాటరీ చార్జింగ్‌కు ఎంత, గాలి లేక నడిపింది ఎంత అన్న వాదనే రాదు. తిండికి ఒక ఉమ్మడి పర్సు, ఒక నోటుపుస్తకం, రసీదులన్నీ ఒకే కవరులో. మద్యం ఉమ్మడిలోకి రాకూడదు, తాగనివాడి వాటాతో సీసాలు కొనడం అన్యాయం. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 3 లీటర్లు వేస్తే ఐదుగురికి 21 రోజులకు 315 లీటర్లు. దానికి సగం కలిపి దాదాపు 470 లీటర్లు ఉంచాలి. అదంతా ఒకే ట్యాంకులో పోయకండి. ట్యాంకు నీరు చెడినా, పైపు ఊడి బిల్జ్‌లోకి (పడవ అడుగు భాగంలోకి) కారిపోయినా సీసాల్లో ఉన్నదే ప్రాణం నిలుపుతుంది. సముద్రపు నీటిని మంచినీరు చేసే వాటర్‌మేకర్ ఉంది కదా అని ఈ లెక్క తగ్గించకూడదు, అది ఆగిపోవడానికి ఒక పంపు చాలు.

డబ్బు ఇచ్చి అయినా క్రూ ఎందుకొస్తారంటే, మైళ్ల కోసం. బ్రిటన్ సెయిలింగ్ సంస్థ ఆర్‌వైఏ స్కిప్పర్లకు పెట్టే యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్ పరీక్షకు 2,500 మైళ్లు, సముద్రం మీద 50 రోజులు చూపించాలి. యాట్‌మాస్టర్ ఓషన్‌కైతే కనీసం 96 గంటలు ఆగకుండా సాగిన, 600 మైళ్లకు తగ్గని పాసేజ్ (సముద్ర ప్రయాణం) కావాలి. అందులో 200 మైళ్లు తీరానికి 50 మైళ్ల అవతల ఉండాలి. ఇలాంటి లక్ష్యం ఉన్న క్రూ ఓనర్‌కు వరం, మధ్యలో దిగిపోరు. కానీ వాళ్లకు వాతావరణం చూడటం, సెక్స్‌టెంట్ (సూర్యుడు, నక్షత్రాలను బట్టి పడవ ఎక్కడుందో తేల్చే పరికరం) పట్టడం లాంటి పని ఇవ్వాలి. మూడు వారాలూ గిన్నెలు కడిగిస్తే మాత్రం మాట పడాల్సిందే.

ఓనర్‌ను ఎలా పరీక్షించాలన్నది ఏ సర్వీసూ నేర్పదు. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాల ఫోటోలు అడగండి. లైఫ్ రాఫ్ట్ ఎంతమందికి సరిపోతుంది, చివరి సర్వీసు తేదీ ఏంటి, ఈపర్బ్ (ఆపదలో ఉపగ్రహం ద్వారా సంకేతం పంపే పరికరం) ఈ పడవ పేరు మీదే రిజిస్టర్ అయి ఉందా అడగండి. అంతకుముందు వచ్చిన క్రూలో ఇద్దరితో మాట్లాడండి. ఆడవాళ్లయితే అందులో ఒకరైనా ఆడమనిషి ఉండాలని పట్టుబట్టండి, మొహమాటపడొద్దు.

పడవ దగ్గరికి చేరాక మీకిచ్చిన లైఫ్‌జాకెట్ విప్పి చూడండి. దాన్ని ఉబ్బించే చిన్న గ్యాస్ సిలిండర్‌ను తిప్పి ఊడదీస్తే, సిలిండర్ ఒంటి మీద కనీస బరువు చెక్కి ఉంటుంది. వంటింటి త్రాసు మీద పెడితే తేలిపోతుంది. తక్కువ తూగినా, మరక దాటి తుప్పు గుంటలు పడినా మార్పించాలి. తనంతట తాను ఉబ్బే రకమైతే నీళ్లు తగలగానే దాన్ని ఉబ్బించే భాగం మీద గడువు తేదీ చూడండి. సిలిండర్‌ను చేత్తో బిగించే మళ్లీ పెట్టాలి. వదులైన సిలిండర్ ఉంటే జాకెట్ నీళ్లలో తెరుచుకోదు. ఈ పని చేస్తుంటే చిరాకు పడే స్కిప్పర్‌తో మూడు వారాలు గడపడం మంచిది కాదు.

ఓనర్ వైపు నుంచి చూస్తే, వీడియో కాల్ చాలదు. బయల్దేరే ముందు కనీసం ఒక రాత్రి కలిసే ట్రయల్ సెయిల్‌కు రమ్మనాలి. కానరీ దీవుల మధ్య గాలి ఇరుకున పడి వేగం పుంజుకునే చోట్లు ఉన్నాయి, నిమిషాల్లో గాలి 10, 15 నాట్లు పెరుగుతుంది. రీఫ్ వేయడం (గాలి పెరిగినప్పుడు తెరచాపను కుదించడం) ఎవరికి వచ్చో, కడుపులో తిప్పడం మొదలయ్యాక ఎవరు పని చేయగలరో అక్కడే తెలిసిపోతుంది. సముద్రపు వాంతి మాత్రలు ఒడ్డున ఒకసారి వేసుకుని చూడమనాలి. కొన్ని విపరీతమైన మత్తు తెస్తాయి, అది మొదటి రాత్రి వాచ్‌లో (పడవను కనిపెట్టుకుని ఉండే వంతులో) తెలియడం ప్రమాదం. వాచ్‌లు ముందే రాసుకోవాలి. నలుగురుంటే మూడు గంటల వాచ్, తొమ్మిది గంటల విశ్రాంతి హాయిగా నడుస్తుంది. ఇద్దరే మిగిలితే మూడు గంటలకోసారి మార్పు, నాలుగో రోజుకల్లా కళ్లు మూతపడతాయి.

ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. బయల్దేరే తేదీ, ఆలస్యానికి ఎన్నాళ్ల గడువు, పడవ సిద్ధం కాకపోతే విమాన టికెట్ నష్టం ఎవరిది, విరిగిన సామాను ఎవరి ఖర్చు, ఏ రేవులో దిగిపోవచ్చు. అజాగ్రత్తతో పోగొట్టినది పోగొట్టినవాడిది, వాడకంలో అరిగింది ఓనర్‌ది అన్న వాక్యం ఉంటే సగం గొడవలు తగ్గుతాయి. అడ్వాన్సు అడిగితే తిండి వాటాలో కొంత మాత్రమే, అదీ పడవ చూశాకే.

కాగితాల పనిని తేలిగ్గా తీసుకోవద్దు. ఒకవైపు టికెట్‌తో విమానమెక్కబోతే ఎయిర్‌లైన్ ఆపేయొచ్చు. పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, బయల్దేరే రేవుతో స్కిప్పర్ సంతకం చేసిన లేఖ దగ్గరుంచుకోండి. వీసా మినహాయింపు ఉన్న దేశస్తులైనా సొంత యాట్‌లో అమెరికా చేరితే ఆ మినహాయింపు వర్తించదు, బీ1/బీ2 (వ్యాపార, పర్యాటక) వీసా ఉండాల్సిందే. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్సులు చాలావరకు తీరానికి 12 మైళ్లు దాటాక చెల్లవు, పాలసీ చదివి తీసుకోండి. పాస్‌పోర్టు స్కిప్పర్‌కు ఇచ్చేది అధికారుల దగ్గర పని ఉన్నప్పుడే, అయిపోగానే వెనక్కి తీసుకోవాలి.

అధికారులకిచ్చే క్రూ లిస్టులో పేరున్నంతవరకు, దాన్ని తీయించేదాకా మిమ్మల్ని వెనక్కి పంపే భారం చాలా దేశాల్లో స్కిప్పర్ మీదే ఉంటుంది. సెయింట్ లూసియాలో పడవ చేరే రాడ్నీ బేలో లెక్కల పుస్తకం ముందేసుకుని వాటాలు తేల్చుకున్న రోజే, ఇద్దరూ కలిసి ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి ఆ పేరు తీయించుకోండి.