సిబులో ఒక నగల దుకాణం: ఫూచౌ వేడుకలకు బంగారం కొనేవారి కోసం

మలేసియాలోని సారవాక్ రాష్ట్రంలో, రాజాంగ్ నది ఒడ్డున ఉన్న సిబు, 1901లో వాంగ్ నై సియాంగ్ నాయకత్వంలో చైనాలోని ఫూచౌ ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబాలు పెంచిన పట్టణం. ఇక్కడి పెద్ద బజారు దగ్గరి పాత నగల దుకాణంలో, మా ఆఫీసులోని ఒక ఫూచౌ పెద్దావిడ మనవరాలికి నెల నిండిన వేడుక కోసం కడియాల జత కొన్నాను.

ఒక బీరువా నిండా పసిపిల్లల కడియాలు, తాళం కప్ప ఆకారపు పతకాలు ఉంటే, పక్కదానిలో పెళ్లికూతుళ్ల కోసం డ్రాగన్, ఫీనిక్స్ చెక్కిన గాజులు ఉన్నాయి. పెళ్లిలో దంపతులు పెద్దలకు టీ అందించినప్పుడు వారు పెట్టే నగలను వధువు అక్కడే అలంకరించుకుంటుంది కనుక, ఎవరు ఏం పెట్టారో అందరి కంటా పడుతుంది. చదివింపులు పుస్తకంలో రాసుకునే మనకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

దుకాణంలోని ఆవిడ ధర మాట ఎత్తకముందే, నేను బిడ్డకు ఏమవుతానని అడిగారు. అమ్మమ్మ పెట్టే దానికంటే బరువైనది బయటివారు తేకపోవడమే మర్యాదని చెప్పి, సన్నని జత చూపారు. చేతికొచ్చిన బేరాన్ని తానే తగ్గించుకునే వ్యాపారులు అరుదు. లోపలి వైపు ఉన్న 916 ముద్రను భూతద్దంతో చూపించి, త్రాసును నా వైపు తిప్పి తూచి, ఆ రోజు గ్రాము ధరను, మజూరిని విడివిడిగా చెప్పారు. మన దగ్గరిలా శాతాల్లో తరుగు వేయలేదు. కడియానికి ఉన్న మువ్వ అంచు గోటికి గరుకుగా తగులుతోందని అంటే, అప్పటికప్పుడే ఆకురాయితో నునుపు చేసి ఇచ్చారు. వేడుకలో, ఎర్ర గుడ్లు పంచుతున్న సందడిలోనే, అమ్మమ్మగారు జతను అరచేతిలో ఎగరవేసి బరువు చూసుకున్నాకే బిడ్డకు తొడిగారు.

లోపాలూ ఉన్నాయి. చిన్న వస్తువుల మీద మజూరి బరువుతో పోలిస్తే ఎక్కువగా పడుతుంది. రసీదు చేతిరాతతో చైనీస్‌లో ఇస్తారు. తిరిగి అమ్మితే ఎంత కోత పెడతారో నోటిమాటగానే చెబుతారు. నేను పట్టుబట్టిన తరువాతే ఆ వివరం రసీదు వెనుక ఇంగ్లీషులో రాశారు, అది కూడా అయిష్టంగానే. 999 ముద్ర ఉండే మేలిమి (24 క్యారెట్ల) బంగారంలో పిల్లల నమూనాలు తక్కువ. చైనా కొత్త సంవత్సరం ముందు వారాల్లో రద్దీ ఎక్కువ కాబట్టి, తీరికగా తూకం చూసుకోవాలంటే మామూలు రోజుల్లో ఉదయం వెళ్లడం మంచిది.