ద్రాస్‌లో ఒక రాత్రి ఉండండి: మన హైదరాబాద్ మేజర్ కోసం వెళ్ళిన యాత్ర

లదాఖ్ ప్యాకేజీ గురించి హైదరాబాద్‌లో ఏ ట్రావెల్స్ వాళ్ళని అడిగినా దాదాపు ఒకే లెక్క చెబుతారు. శ్రీనగర్, సోన్‌మార్గ్, కార్గిల్‌లో రాత్రి బస, తర్వాత లేహ్, పాంగాంగ్. కార్గిల్ యుద్ధ స్మారకం ఉన్న ద్రాస్ ఆ లెక్కలో ఫోటోలు దిగడానికి బండి ఆపే చోటు మాత్రమే. మేం మాట్లాడిన ఏజెంటు అయితే "అక్కడ ఏముంటది మేడమ్, ఒక గోడ, ఒక జెండా, అరగంట చాలు" అన్నాడు. మా మామయ్యగారికి ఒళ్ళు మండింది. ఆయన ఈ యాత్రకు ఒప్పుకున్నదే ఆ గోడ కోసం. దాంతో ప్యాకేజీ వదిలేసి, టికెట్లూ గదులూ మేమే బుక్ చేసుకున్నాం.

మామయ్యగారి పట్టుదలకు కారణం మేజర్ పద్మపాణి ఆచార్య. కుటుంబానిది ఒడిశా, ఉండేది హైదరాబాద్‌లో. తండ్రి ఎయిర్‌ఫోర్స్‌లో వింగ్ కమాండర్‌గా చేసి రిటైరయ్యారు. కొడుకు ఉస్మానియాలో డిగ్రీ చదివి, మద్రాస్ ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది, 1994లో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేరాడు. 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో, ముప్పై దాటీ దాటని వయసులో ప్రాణం వదిలాడు. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. యుద్ధంలో చూపిన సాహసానికి పరమవీర చక్ర తర్వాత అంతటి పతకం అదే. మామయ్యగారూ ఉస్మానియా మనిషే కాబట్టి "మా యూనివర్సిటీ పిల్లవాడు" అని ఇప్పటికీ సొంతవాడి గురించి చెప్పినట్టే చెబుతారు. మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో ఉన్నాడు. వాడికి అదే యుద్ధంలో పరమవీర చక్ర పొందిన విక్రమ్ బత్రా పేరు తెలుసు, ఈ పేరు తెలియదు. ఊళ్ళో చాలామందిది అదే పరిస్థితి.

బయల్దేరే ముందు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గరున్న వీరుల సైనిక్ స్మారక్‌కు వెళ్ళాం. కార్గిల్ విజయ్ దివస్ రోజున సైనికాధికారులు పుష్పగుచ్ఛాలు ఉంచేది అక్కడే. కారు ఆపుకోవడానికి చోటు దొరకదు, మెట్రోలో పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో దిగి నడవడం నయం. దండం పెట్టుకోవడానికి బాగుంది. యుద్ధం ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే మాత్రం ద్రాస్ దాకా పోవాల్సిందే.

శంషాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా శ్రీనగర్ చేరాం. వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. ఆవకాయ సీసాలు చెక్-ఇన్ సామానులోనే పెట్టండి, చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర గొడవ. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకాశ్మీర్, లదాఖ్‌లలో పనిచేయవు, ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. మా నలుగురికీ కలిపి మావారి ఫోన్ ఒక్కటే దిక్కయింది.

శ్రీనగర్‌లో దాల్ లేక్ హౌస్‌బోట్ చూడ్డానికి అందంగా ఉంది, పడుకోవడానికి అంత సుఖంగా లేదు. అంతకంటే చెప్పుకోవాల్సిందేమీ లేదు.

శ్రీనగర్ నుంచి ద్రాస్ సుమారు 140 కిలోమీటర్లు. మన విజయవాడ రోడ్డు లెక్కలో చూసుకుని మూడు గంటలు అనుకోవద్దు. సోన్‌మార్గ్ దాటాక జోజిలా కనుమ ఉంది, ఎత్తు 11,500 అడుగుల పైనే. లారీల వరుస, ఒక పక్క లోయ, గుంతలు, దుమ్ము. ఒక్కోసారి ఒక వైపు బండ్లనే వదులుతారు. మామయ్యగారు కళ్ళు మూసుకుని హనుమాన్ చాలీసా చదువుతూ కూర్చున్నారు. మావారు టెన్షన్‌లో డ్రైవర్‌కి సలహాలు ఇస్తుంటే, ఆ కాశ్మీరీ కుర్రాడు "సార్, ఆప్ నజారా దేఖో" అని నవ్వాడు. డ్రైవింగ్‌కి పదికి పది ఇస్తాను. కాకపోతే శ్రీనగర్ బండి ద్రాస్‌లో దింపి వెనక్కి వెళ్ళిపోతుందా, స్థానికంగా తిప్పుతుందా అన్నది బేరంలోనే తేల్చుకోవాలి. ఊరూరికీ టాక్సీ యూనియన్ల రూల్స్ వేరు.

ద్రాస్ చిన్న బజారు. ప్రపంచంలో జనం ఉండే రెండో అతి చల్లని ఊరు అని బోర్డు పెట్టుకున్నారు. ఆ ర్యాంకు సంగతేమో గానీ వేసవిలో కూడా సాయంత్రానికి స్వెటర్ మీద శాలువా కప్పుకోవాల్సి వచ్చింది. ఎత్తు దాదాపు 10,800 అడుగులు కాబట్టి మొదటి రోజు మెట్లు నెమ్మదిగా ఎక్కాలి. హోటళ్ళు కొన్నే ఉన్నాయి, అన్నీ సాదా సీదా. మాకు దొరికిన గెస్ట్‌హౌస్‌లో పరుపులు మందంగా, రజాయిలు శుభ్రంగా ఉన్నాయి. వేడినీళ్ళు మాత్రం బకెట్‌తో తెచ్చి ఇచ్చేవాళ్ళు. రాత్రి అన్నం, రాజ్మా, ఒక కూర. వంట చేసిన పెద్దాయన మా ఆవకాయ రుచి చూసి నీళ్ళు తాగి, మళ్ళీ అడిగాడు. కార్గిల్‌లో ఇంతకంటే మంచి గదులు ఉంటాయి, నిజమే. కానీ అది ఇంకో అరవై కిలోమీటర్ల దూరం. అక్కడ దిగితే ద్రాస్ మళ్ళీ దారిలో ఆగే చోటే అవుతుంది.

కార్గిల్ యుద్ధ స్మారకం ఊరు దాటి కార్గిల్ వైపు కొన్ని కిలోమీటర్లు వెళ్ళాక, హైవే పక్కనే ఉంది. ప్రవేశం ఉచితం, గుర్తింపు కార్డు ఉంటే చాలు. పొద్దున్నే వెళ్ళాం. టూరిస్టు బండ్లు మధ్యాహ్నానికి గానీ రావు, అందుకే రాత్రి ద్రాస్‌లో ఉండమంటున్నాను. లేత ఎరుపు రాతి గోడ మీద చనిపోయినవాళ్ళ పేర్లు చెక్కారు. వెనక తోలోలింగ్ కొండ ఉంది. ఇంత దగ్గరగా ఉంటుందని నేను అనుకోలేదు. ఆ కొండ మీది నుంచి కింద రోడ్డు మీద పోయే ప్రతి లారీ కనిపిస్తుంది. శ్రీనగర్‌నీ లేహ్‌నీ కలిపే రోడ్డు అది. ఆ శిఖరాల మీద శత్రువు కూర్చుంటే లదాఖ్‌కి తిండి, మందుగుండు ఆగిపోయినట్టే. ఆ కొండల కోసం అంత రక్తం ఎందుకు ధారపోశారో ఆ గోడ ముందు నిలబడితే అర్థమైపోతుంది.

అక్కడి జవాన్లు వచ్చినవాళ్ళని గుంపుగా నిలబెట్టి, కొండలను వేలితో చూపిస్తూ యుద్ధం చెబుతారు. హిందీలోనే అయినా మన హైదరాబాద్ వాళ్ళకి ఇబ్బంది లేదు. మామయ్యగారు తన దక్కనీ హిందీలో పద్మపాణి ఆచార్య గురించి అడిగారు. జవాను ముఖం వెలిగింది. "రెండో రాజ్‌పుతానా రైఫిల్స్ మేజర్ సాబ్" అని పక్కకు తీసుకెళ్ళి, వివరంగా చెప్పాడు.

తోలోలింగ్‌ని గెలిచింది ఈ బెటాలియనే, జూన్ 13న. మామయ్యగారు పంచాంగం మనిషి కదా, ఆ రోజు అమావాస్య అని వెంటనే అందుకున్నారు. రెండు వారాలు తిరిగేసరికి అదే బెటాలియన్‌ను నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అనే శిఖరాల మీదకు పంపారు. జూన్ 28 పున్నమి, మన ఏరువాక పున్నమి. చెట్టూ చేమా లేని కొండ మీద ఆ వెన్నెల్లో ఎక్కేవాళ్ళు పైవాళ్ళ కళ్ళకు దాగరు. మేజర్ ఆచార్య కంపెనీ కమాండర్, అంటే బెటాలియన్‌లో ఒక దళానికి నాయకుడు. ఆ దళంలోని చిన్న జట్లే ప్లటూన్లు. ముందు వెళ్ళిన ప్లటూన్ మీద ఫిరంగి గుళ్ళు సరిగ్గా వచ్చి పడ్డాయి. చాలామంది పడిపోయారు, దాడి అక్కడే ఆగిపోయేలా ఉంది. అప్పుడాయన రిజర్వు ప్లటూన్‌ను వెంటబెట్టుకుని ఆ గుళ్ళ మధ్య నుంచే నిటారు రాళ్ళు ఎక్కాడు. పాక్కుంటూ బంకర్ దాకా వెళ్ళి గ్రెనేడ్లు విసిరాడు. ఒంటి నిండా గాయాలు, కదల్లేని స్థితి. "నన్ను వదిలేసి ముందుకెళ్ళండి" అని తనవాళ్ళకి ఆజ్ఞ ఇచ్చి, తాను కాల్పులు ఆపలేదు. బంకర్ దక్కింది. ఆ తర్వాతే ప్రాణం పోయింది.

అదే దాడిలో, అదే బెటాలియన్‌తో ఉన్న కెప్టెన్ కెంగురూస్ అనే నాగాలాండ్ కుర్రాడు, బూట్లు జారుతున్నాయని వట్టి కాళ్ళతో ఆ చలిలో రాయి ఎక్కాడు. ఆయనకూ మహావీర చక్రే, ఆయనా తిరిగి రాలేదు. రాజ్‌పుతానా రైఫిల్స్ యుద్ధ నినాదం "రాజా రామచంద్ర కీ జై" అని జవాను చెప్పగానే, భద్రాచలం భక్తుడైన మామయ్యగారు అందరి ముందూ గట్టిగా అనేశారు. మా అబ్బాయి సిగ్గుపడ్డాడు గానీ చుట్టూ ఉన్నవాళ్ళు అందుకున్నారు.

జూన్ 19న మేజర్ తన తండ్రికి రాసిన ఉత్తరం గురించి మా అబ్బాయికి తర్వాత మామయ్యగారే చెప్పారు. ప్రాణనష్టం గురించి దిగులు పడొద్దు, అది మా వృత్తిలో ఉన్నదే అంటాడు అందులో. గర్భిణి అయిన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమంటాడు, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు రావాలని. పాప పుట్టింది ఆయన పోయాకే.

గ్యాలరీ, సినిమా ప్రదర్శన అన్నీ బాగున్నాయి, కాకపోతే గ్యాలరీలో జనం సెల్ఫీల కోసం తోసుకుంటారు. క్యాంటీన్ టీ పర్వాలేదు. టాయిలెట్లు శుభ్రంగా ఉన్నాయి, పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి అదే పెద్ద విషయం.

విజయ్ దివస్ జరిగే జూలై 26కి వెళ్ళాలనుకుంటే గది చాలా ముందుగా చూసుకోండి. ఆ వారంలో వీఐపీల రాకతో రోడ్డు మీద తనిఖీలు, ద్రాస్‌లో గదుల కొరత రెండూ ఉంటాయని గెస్ట్‌హౌస్ పెద్దాయన చెప్పాడు. తీరిగ్గా నిలబడి వినాలనుకుంటే సెప్టెంబర్ మేలు. నవంబర్ దాకా ఆగితే మంచుకి జోజిలా ఎప్పుడు మూస్తారో తెలియదు.