ఆస్పెన్ చెట్ల కోసం ఆస్పెన్ అనే ఊళ్లోకే పోనక్కర్లేదు

ముందే చెప్పేస్తున్నా, ఆకురాలే కాలంలో పసుపు తిరిగే ఆస్పెన్ చెట్ల ఫొటోల కోసం బెంగళూరు నుంచి అంత దూరం, అమెరికాలోని కొలరాడో వెళ్లేవాళ్లు ఆస్పెన్ అనే ఊళ్లోనే దిగాల్సిన పనేం లేదు. అది డబ్బున్నవాళ్లు స్కీయింగ్‌కి వచ్చే ఊరు, సెప్టెంబర్ చివర్లో మామూలు గది రేటు చూసినా కళ్లు తిరుగుతాయి. అక్కడికి దగ్గర్లోని మరూన్ బెల్స్ అందంగా లేదని కాదు. 14,000 అడుగులు దాటిన జంట శిఖరాలు, ముందు చెరువు, పక్కన పసుపు చెట్లు, అన్నీ ఒకే ఫ్రేములో పడతాయి. కానీ సీజన్‌లో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా సొంత కార్లను చాలావరకు రానివ్వరు, ఆస్పెన్ హైలాండ్స్ నుంచి బస్సెక్కాలి, దానికీ ముందే రిజర్వేషన్ ఉండాలి. చీకట్లో వెళ్లి పార్క్ చేద్దామంటే దానికి ఇంకో రిజర్వేషన్. తీరా వెళ్తే ఒడ్డు పొడుగునా ట్రైపాడ్లే, అందరికీ వచ్చేది అదే ఫొటో. చూడ్డానికి ఒక పూట చాలు.

మా బావమరిది డెన్వర్‌లో ఉంటాడు. "బావా, అద్దె కారైతే మట్టిరోడ్లు ఎక్కించొద్దని అగ్రిమెంట్‌లోనే ఉంటుంది, నా బండిలో పోదాం" అన్నాడు కాబట్టి సగం టెన్షన్ పోయింది. అలా ఎవరూ లేనివాళ్లు ఆ షరతు చదివాకే కారు తీసుకోండి, ఎందుకంటే మంచి చెట్లు చాలావరకు మట్టిరోడ్ల పక్కనే ఉన్నాయి. ఉదాహరణకి క్రెస్టెడ్ బ్యూట్ అనే ఊరి నుంచి వెళ్లే కెబ్లర్ పాస్ (పాస్ అంటే కొండ దాటే కనుమ దారి). కంకర రోడ్డు, వాన పడకపోతే మామూలు కారు కూడా వెళ్తుంది, అమెరికాలోని అతి పెద్ద ఆస్పెన్ అడవుల్లో ఒకటి అక్కడే. రోడ్డు పక్కన ఆపి పది అడుగులు లోపలికి నడిస్తే చుట్టూ తెల్లటి బోదెలు నిట్టనిలువుగా లేచి ఉంటాయి. కొమ్మలు రాలిన చోట నల్లటి మచ్చలు, అచ్చం కళ్లలాగే. బోదె మీద చెయ్యి పెడితే తెల్లటి పొడి అంటుకుంటుంది.

ఈ ఆకు ఏ కాస్త గాలికైనా రావి ఆకులా అల్లాడుతూనే ఉంటుంది. తొడిమ గుండ్రంగా ఉండదు, పక్కల నుంచి నొక్కినట్టు చదునుగా ఉంటుంది, వేళ్ల మధ్య పెట్టి తిప్పితే తెలిసిపోతుంది. ఫొటోగ్రాఫర్‌కి అసలు గొడవ దీనితోనే. షట్టర్ వేగం 1/250 సెకను కన్నా తగ్గిస్తే ఆకులన్నీ అలికేసినట్టు వస్తాయి, అందుకే ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) పెంచడానికి మొహమాటపడకండి. ఇంకోటి, మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే కనిపిస్తున్నా పసుపులో రెడ్ ఛానెల్ ఎప్పుడో హద్దు దాటి వివరాలు కొట్టుకుపోయి ఉంటుంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకోవాలి. లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ ఆకుల మీది మెరుపు తీసేసి రంగు నిలబెడుతుంది, నిజమే, కానీ ఆ ఎత్తులో ఆకాశం మామూలుగానే ముదురు నీలం, వైడ్ లెన్స్‌కి పెట్టి పూర్తిగా తిప్పితే ఒక మూల నల్లగా మాడిపోతుంది.

కొండ మొత్తం ఒకేసారి రంగు మారదు. ఒకే వేరు నుంచి పుట్టిన చెట్లన్నీ ఒక కుటుంబం, నిజానికి ఒకే మొక్క, అవి కలిసి మారతాయి. అందుకే దూరం నుంచి చూస్తే ఇక్కడో పసుపు ముక్క, అక్కడో నారింజ, మధ్యలో ఇంకా ఆకుపచ్చ. యూటా రాష్ట్రంలోని పాండో అనే ఆస్పెన్ గుంపు అయితే నూరు ఎకరాలు దాటి వేల బోదెలతో ఉన్నా ఒకటే మొక్క. కొండ మీది ఈ రంగు ముక్కలు తీయడానికి 100-400 ఎంఎం లాంటి పొడుగు లెన్స్ కావాలి. నేను బెంగళూరులోనే అద్దెకు తీసుకున్నా. మొదట అడిగిన షాపులో విదేశాలకు తీసుకెళ్తానంటే ఇవ్వం అన్నారు, రెండో చోట బిల్లు మీద సీరియల్ నంబర్ రాయడానికే పది నిమిషాలు బతిమాలించుకున్నారు. ఆ నంబర్ చూపించి బయల్దేరేటప్పుడే ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, తిరిగొచ్చేటప్పుడు డ్యూటీ గొడవ ఉండదు.

నా ఓటు మాత్రం దక్షిణాన ఉన్న శాన్ వాన్ కొండలకే. రిడ్జ్‌వే అనే చిన్న ఊరు దాటాక డాలస్ డివైడ్ అనే కనుమ దగ్గర రోడ్డు పక్కనే ఆగొచ్చు. ముందు ఎర్రటి ఓక్ పొదలు, వెనక పసుపు ఆస్పెన్లు, పైన స్నెఫెల్స్ శిఖరం, కొత్త మంచు పడితే ఇక చెప్పక్కర్లేదు. కంచె అవతల ప్రైవేటు భూమి, దాటొద్దు. సాయంత్రం పక్కవెలుగులో బాగుంటుంది. యూరే నుంచి సిల్వర్టన్‌కి వెళ్లే మిలియన్ డాలర్ హైవే కూడా చూడండి, కాకపోతే చాలాచోట్ల అంచుకి రెయిలింగే ఉండదు, డ్రైవ్ చేసేవాడికి ఆకులు కనిపించవు. టెల్యురైడ్ ఊళ్లో గొండోలా (కేబుల్ కారు) ఉచితం, ఆస్పెన్ల మీదుగానే పోతుంది, అద్దం మీద గీతలుంటాయి కాబట్టి లెన్స్ ఆనించి తీయాలి.

బస విషయంలో మేము రెండు పద్ధతులూ చూశాం. మాంట్రోస్‌లో మోటెల్ చౌక, సూపర్‌మార్కెట్ ఉంది, కానీ తెల్లారేసరికి కొండ దగ్గరుండాలంటే నాలుగున్నరకే లేవాలి. పైగా మాకిచ్చిన గదిలో హీటర్ రాత్రంతా గుర్రుమంటూనే ఉంది, రిసెప్షన్‌లో చెప్తే ఇంకో దుప్పటి ఇచ్చారు! తర్వాత రిడ్జ్‌వేలో వంటగది ఉన్న చిన్న కాటేజీకి మారాం. రేటు ఎక్కువే, కానీ సూర్యోదయానికి ముందు టీ పెట్టుకుని బయల్దేరొచ్చు, రాత్రి హోటళ్లు త్వరగా మూసేసినా కందిపొడి, అన్నం ఉన్నాయి. డబ్బు ఎక్కడో ఒకచోట పెట్టాలంటే ఇక్కడే పెట్టండి. మొదటి రోజే పాస్‌లు ఎక్కొద్దు, తొమ్మిది పదివేల అడుగుల్లో తలనొప్పి రావచ్చు. అది వేట సీజన్ కూడా, అడవిలోకి నడిస్తే నారింజ రంగు టోపీ పెట్టుకోండి.

ఇక తేదీలు. శాన్ వాన్‌లో రంగు దాదాపు సెప్టెంబర్ చివరి వారం నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా. పిల్లల దసరా సెలవులు చూసుకుని టికెట్లు కొనేవాళ్లు ఇది గమనించాలి, అధికమాసం పడిన 2026లో విజయదశమి అక్టోబర్ 20న, అప్పటికి పైనున్న ఆస్పెన్లు మోడులే. ఆ సెలవులకే వెళ్లక తప్పదంటే పాస్‌లు వదిలేసి రిడ్జ్‌వే కింద నది వెంట ఉండే కాటన్‌వుడ్ చెట్ల మీద ఆశ పెట్టుకోండి, అవి ఆలస్యంగా మారతాయి.