పన్నెండు తీగల గిటారు: మూడు వానాకాలాల తర్వాత

కొన్న కొత్తలో కనిపించినవాళ్లందరికీ ఈ గిటారే కొనమని చెప్పాను. ఇప్పుడూ కాదనను కానీ ఒక్క షరతు పెడతాను: తీగలను మామూలు శ్రుతిలో బిగించొద్దు, రెండు మెట్లు (అంటే రెండు స్వరస్థానాలు) దించి పెట్టుకోండి.

రాజమండ్రిలో ఇరవై వేలలోపు దొరికింది. షాపులో నేను పట్టించుకున్నది మెడ వెడల్పు ఒక్కటే. ఇందులో తీగలు రెండేసి జంటలుగా ఉంటాయి. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర 48 మిల్లీమీటర్లు ఉన్నదాని మీద సి కార్డ్ (స్వరాలు కలిపి పట్టే పట్టు) హాయిగా పడింది, ఇరుకు మెడల మీద వేలు పక్క జంటకు తగిలేది. పై చెక్క ప్లైవుడ్. అప్పుడది లోటు అనుకున్నాను గానీ మా చెమ్మకు అదే నయమైంది.

మాది రాజోలు వైపు. ఇంటి వెనక కాలువ, దాని అవతల చేపల చెరువులు. వానాకాలంలో బీరువా తలుపులే ఉబ్బి బిగుసుకుపోతాయి. రెండో ఏడు సెప్టెంబరులో, ఆదివారం చర్చికి బయల్దేరే ముందు వాయిస్తుంటే వేళ్లు నొప్పెట్టాయి. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల్లో పన్నెండోదాని దగ్గర, అంటే 12వ ఫ్రెట్ దగ్గర, స్కేలు పెట్టి చూశాను. లావు తీగ కింద 4 మిల్లీమీటర్ల ఖాళీ! కొన్నప్పుడు రెండున్నరే. తీగలను పట్టి ఉంచేలా పై చెక్కకు అతికించిన ముక్క, అదే బ్రిడ్జ్, దాని వెనక అంచు కింద విజిటింగ్ కార్డు పెడితే కార్డు మూల లోపలికి దూరింది. గుండె జారిపోయింది నాకు.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే మెడ వంపు సరిచేసే లోపలి ఇనుప కడ్డీని, ట్రస్ రాడ్‌ను, బిగించమన్నారు. మెడ తిన్నగానే ఉంది, లేచింది బ్రిడ్జ్. వాళ్ల మాట విని ఉంటే మెడ కూడా చెడేది. ఆ కోపం ఇంకా పోలేదు.

మా దగ్గర హార్మోనియాలు బాగుచేసే పెద్దాయనకు చూపించాను. "ముందు తీగలన్నీ వదులు చేసెయ్ బాబూ. ఇంత బిగువు మీద ఏ జిగురు నిలబడుద్ది?" అన్నారు. పాత జిగురు గీకి, కొత్తది పూసి, క్లాంపు బిగించి రెండు రోజులు ఉంచారు. అప్పటికీ తీగలు కాస్త ఎత్తుగానే ఉన్నాయి. బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్నటి పట్టీ, అదే శాడిల్, దాని అడుగును గరుకు కాగితం మీద ఒక మిల్లీమీటరు అరగదీస్తే 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దిగింది.

ఆయన అన్న బిగువు సంగతి తర్వాత చదివాను. మామూలు శ్రుతిలో పన్నెండు తీగలూ కలిసి వంద కిలోలకు పైగా లాగుతాయి. రెండు మెట్లు దించితే అందులో ఐదో వంతు తగ్గుతుంది. పాటకు అసలు శ్రుతే కావాలంటే రెండో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) పెడితే సరి.

దించాక నాదమే మారిపోయింది. పైన వినిపించే రేకు మోత తగ్గి, కింది జంటలు నిండుగా, తంబురా శ్రుతిలా సాగుతున్నాయి. జి జంటలోని సన్న తీగ గిటారు మొత్తంలో అన్నిటికన్నా పైస్థాయిలో ఉంటుంది. అంతకుముందు అది నెలకోసారి తెగేది, ఈ ఏడాదిలో ఒక్కసారే తెగింది.

నాది మంద్రస్థాయి గొంతు, వాయించేది చిన్న చర్చిలో. అందుకే నాకిది కుదిరింది. వేదికలెక్కి పాటపాటకూ శ్రుతి మార్చేవాళ్లకు కుదురుతుందని చెప్పలేను. పన్నెండూ సరిచేయడానికి నాకు ఇప్పటికీ పది నిమిషాలు పడుతుంది.

మొన్న వానల్లో మళ్లీ అదే కార్డు పెట్టి చూశాను. దూరలేదు.