బస్తీ దవాఖానాకా, గాంధీకా?

హైదరాబాద్‌లో జ్వరమొస్తే చాలామంది నేరుగా గాంధీ ఆస్పత్రికి బయల్దేరతారు. పెద్దాసుపత్రి అంటే ఉన్న నమ్మకం అలాంటిది. కానీ మామూలు జ్వరం, దగ్గు, నెలనెలా బీపీ, షుగర్ మాత్రలకైతే ఇంటి దగ్గరి బస్తీ దవాఖానాయే (బస్తీల్లో ప్రభుత్వం నడిపే చిన్న క్లినిక్) నయం. 2018లో మొదలైన వీటిలో ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక అటెండరు ఉంటారు. రక్తం అక్కడే తీసుకుని ల్యాబ్‌కు పంపుతారు, రిపోర్టు ఫోన్‌కే వస్తుంది. పరీక్షలకూ మందులకూ డబ్బు తీసుకోరు. కూలికెళ్లేవాళ్లకు ఇది పెద్ద ఊరట: పూట పని పోదు, ఆటో ఖర్చుండదు. రాత్రిపూట మాత్రం తాళమే. పడకలుండవు.

గాంధీ సంగతి వేరు. ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరు గది ముందు ఇంకోటి, మందుల కౌంటర్ దగ్గర మరోటి. అయినా ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, యాక్సిడెంట్, కష్టమైన కాన్పు లాంటివైతే బస్తీ దవాఖానా చుట్టూ తిరిగి టైం పోగొట్టుకోకూడదు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికే పోవాలి. అక్కడ రాత్రింబవళ్లు క్యాజువాలిటీ నడుస్తుంది, స్పెషలిస్టులుంటారు. పాత చీటీలన్నీ ఒక కవర్లో పెట్టుకెళ్తే, కొత్త డాక్టరుకు మొదటినుంచీ కథంతా చెప్పే పని తప్పుతుంది.